లోయలో ఆరు నిమిషాలు

నాగార్జునకొండ లోయను కంప్యూటర్లో మళ్ళీ కట్టే పనికి నేను చరిత్ర సలహాదారుణ్ని. రిటైరయ్యాక దక్కిన మొదటి గౌరవం కదా, కాస్త ఎక్కువే మురిశాను. ఆ లోయను ముంచిన సాగర్ డ్యాముకు 1955లో శంకుస్థాపన, 1967కి నీళ్ళు కాలువలకెక్కాయి. ఈలోగా, 1954 నుంచి 1960 దాకా, పురావస్తు శాఖ లోయంతా తవ్వి పోసింది. ఆ తవ్వకాల పటాలూ, నలుపుతెలుపు ఫొటోలూ కుర్రాళ్ళ ముందు పరిచాను. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల విజయపురి లేచి నిలబడింది. మహాచైత్యం, విహారాలు, కృష్ణ ఒడ్డున స్నానఘట్టం, చుట్టూ మెట్లున్న రంగస్థలం. కళ్ళకు హెడ్‌సెట్ అనే డబ్బా తగిలించుకుంటే, కొండమీది మ్యూజియంలో ఉన్న రాళ్ళన్నీ ఎవరి చోటికి అవి నడిచెళ్ళినట్టే ఉంటుంది.

ముందుగా ఎవరికైనా చూపిద్దామన్నారు. మాచర్ల దగ్గరుండే ఒక పెద్దాయన్ని నేనే వెంటబెట్టుకొచ్చాను. ఎనభై దాటాయి. పుట్టింది ఆ లోయలోనే. తవ్వకాల్లో వాళ్ళ నాన్న పలుగు పట్టాడట, ఈయన తట్ట మోశాడట.

హెడ్‌సెట్ పెట్టీ పెట్టగానే చెయ్యి చాచాడు. "ఓరి నాయనో, ఫిరంగిమోటు! అదుగో, సిద్ధలదరి!"

కొండల్ని సర్వే కొలతల ప్రకారం పెట్టించింది నేనే. గర్వంగా అందరి వంకా చూశాను.

మహాచైత్యం ఎదురొచ్చింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. పక్కకు తిరిగి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. బల్లకు కొట్టుకోకుండా ఓ కుర్రాడు వెనకే వెళ్ళాడు. ఒకచోట ఆగి, వంగి, ఆఫీసు టైల్సును అరచేత్తో తడిమాడు. హెడ్‌సెట్ కింద నుంచి బుగ్గల మీదికి నీళ్ళు కారాయి. మిగతావాళ్ళు ఫోన్లు తీసి వీడియో మొదలెట్టారు. ప్రచారానికి ఇంతకంటే ఏం కావాలి!

"ఈడంతా గడ్డేంది బాబూ?"

"అది ఖాళీ స్థలం తాతా."

"ఖాళీ ఏందయ్యా, పుల్లారెడ్డిగూడెం! మా ఇల్లు ఈడనే. వాకిట్లో వేపచెట్టు."

ఆ కుర్రాడికి అబద్ధం చేతకాదు. "నిజమే తాతా, ఫొటోల్లో పాకలున్నాయి. వేపచెట్లు, గడ్డివాములు కూడా. మూడో శతాబ్దానికి అడ్డొస్తున్నాయని తీసేశాం. ఒక్కోటీ చెరపడానికి రెండు వారాలు కూర్చున్నాం." నావైపు చూశాడు. "సారే తీసెయ్యమన్నారు."

ఎవరో వీడియో ఆపేశారు.

పెద్దాయన హెడ్‌సెట్ తీశాడు. తడిసిందని కాబోలు, కండువాతో శుభ్రంగా తుడిచి నా చేతిలో పెట్టాడు.

"రెండు వారాలేనా సారూ! డ్యాముకైతే పన్నెండేళ్ళు పట్టింది."