వంకర బల్లది కాదు

మింగళాడోన్‌లో ఏ వస్తువు పాడైనా ముందు కరెంటునే తిడతాం. 2021 తర్వాత యాంగోన్ అంతటా కోతలు ముదిరిపోయాయి. కరెంటు వంతులవారీగా వస్తుంది, ఉన్న కాసేపూ వోల్టేజి నిలకడగా ఉండదు. ఫ్రిజ్ పోయినా ఫ్యాను పోయినా తప్పు దాని మీదికే తోసేస్తాం. నా లాప్‌టాప్ మందగించినప్పుడు నేనూ ఆ పనే చేశాను. నా తెలివితక్కువతనం అక్కడ మొదలైంది.

ఆ లాప్‌టాప్‌లో ఏముందో ముందు చెప్పాలి. నేనిక్కడ ఒక కుట్టు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. మాది శ్రీకాకుళం వైపు. మా తాతగారు రంగం (యాంగోన్‌ని మనవాళ్ళు అప్పట్లో అలా పిలిచేవారు) రేవులో మూటలు మోసి, 1942లో అరకాన్ కొండలు దాటుకుని నడిచి ఇల్లు చేరిన మనిషి. ఆ నడక గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు. అందుకే ఇక్కడికి వచ్చాక, అప్పుడు వెళ్ళకుండా ఉండిపోయిన మనవాళ్ళ ఇళ్ళకి ఆదివారాలు వెళ్ళి పెద్దవాళ్ళ మాటలు ఫోన్‌లో రికార్డు చేసేవాణ్ణి. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య చెలరేగిన కొట్లాటల సంగతి తండ్రుల నోట విన్నవాళ్ళున్నారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేసేనాటికి ఊహ తెలిసీ తెలియని పిల్లలుగా ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక మామ్మగారు, తమ లైను ఇళ్ళ నుంచి నడిచి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పారు. ఇంటిపేరు, మనిషి పేరు, ఊరు, ఆ వరసన. వాళ్ళమ్మ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆ పేర్లన్నీ తలుచుకునేదట. వినీ వినీ ఈవిడకీ నోటికొచ్చేశాయి.

మింగళాడోన్‌కి ఉత్తరాన టౌక్యాన్‌లో యుద్ధ శ్మశానం ఉంది. సమాధి కూడా దొరకని సైనికుల పేర్లు అక్కడి స్తంభాల మీద దాదాపు 27,000 చెక్కారు. మన సిపాయిల పేర్లూ వాటిలో ఉన్నాయి. నడిచి వెళ్తూ దారిలో పోయిన కూలీల పేర్లున్న రాయి మాత్రం నాకెక్కడా కనబడలేదు. మామ్మగారి పేర్ల వరస ఎంత విలువైనదో నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్క చోటే దాచాను. ఫోన్‌లో జాగా చాలక, లాప్‌టాప్‌లోకి ఎక్కించగానే ఫోన్‌లోవి చెరిపేసేవాణ్ణి.

జబ్బు మెల్లగా ముదిరింది. ముందు ఫైళ్ళు తెరుచుకోవడం ఆలస్యమైంది, తర్వాత ఫ్యాను రొద పెరిగింది. ఆపైన, రికార్డింగుల్లోంచి జనరేటరు మోత తగ్గించే పని పెట్టగానే మిషను ఉన్నట్టుండి ఆరిపోయేది. వోల్టేజి వల్లేనని స్టెబిలైజర్ కొన్నాను. లాప్‌టాప్ చార్జరు మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని అచ్చేసి ఉంటుంది, ఆ మధ్యలో హెచ్చుతగ్గులు అది తట్టుకుంటుంది. పైగా కరెంటు లేనప్పుడు బ్యాటరీ మీద నడుస్తూ కూడా ఆరిపోయేది. తప్పు వోల్టేజిది కాదని తెలియడానికి ఆ ఒక్క సంగతి చాలు. నాకు తట్టలేదు. తర్వాత వైరస్ అనుకుని, ఉన్నదానికి తోడు ఇంకో యాంటీవైరస్ ఎక్కించాను. తెరిచిన ప్రతి ఫైలునీ రెండూ తనిఖీ చేయడంతో పని ఇంకా నెమ్మదించింది.

టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తూనే ఉన్నాను. ప్రాసెసర్ ఎంత శాతం వాడకంలో ఉందన్నదే నా కంటికి ఆనేది. దాని పక్కనే వేగం 0.79 గిగాహెర్ట్జ్ అని కనబడుతోంది. రెండు గిగాహెర్ట్జ్ దాటి నడవాల్సిన ప్రాసెసర్ అది. ఇలాంటి చాలా ప్రాసెసర్లకి 100 డిగ్రీల దగ్గర హద్దు ఉంటుంది. వేడి ఆ హద్దుకి చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే మిషనే ఆరిపోతుంది. నేను రోగమనుకున్న ఆ మందగొడితనం నిజానికి దాని ఆత్మరక్షణ.

అంతకన్నా పెద్ద గుర్తు నా చేతి కిందే ఉంది. టచ్‌ప్యాడ్ గట్టిగా నొక్కితే గానీ పలికేది కాదు. బల్ల మీద పెడితే ఒక మూల లేచి ఊగేది. అద్దింటి బల్ల, వంకరపోయిందనుకుని అట్టముక్క మడిచి కింద పెట్టాను. సరిగ్గా గాలి పీల్చుకునే కంతల కిందే పెట్టాను.

చివరికి విండోస్ తీసేసి మళ్ళీ వేద్దామని కూర్చున్నాను. రికార్డింగులు డి డ్రైవ్‌లో ఉన్నాయి, నేను చెరిపేది సి డ్రైవే కదా అన్న ధీమా. కానీ ఆ దశలో సి, డి అన్న అక్షరాలు కనబడవు, పార్టిషన్లకి అంకెలే ఉంటాయి. కరెంటు పోయే వేళ దగ్గరపడుతోంది, మిషను మధ్యలో ఆరిపోతుందేమోనన్న కంగారు. అన్నీ డిలీట్ కొట్టేశాను. విండోస్ మళ్ళీ ఎక్కి, పొరపాటు తెలిసొచ్చాక ఇంకో తప్పు చేశాను. పోయిన ఫైళ్ళని వెతికే ప్రోగ్రాంని అదే డిస్కులోకి దించుకున్నాను. హార్డ్ డిస్కులో చెరిపిన ఫైలు వెంటనే మాయం కాదు, దాని చోటులో కొత్తది రాసేదాకా మిగిలే ఉంటుంది. ఆ చోటులో నా చేతులారా నేనే రాశాను.

మిషను ఆరిపోవడం మాత్రం ఆగలేదు. అప్పుడు గానీ రిపేరు షాపుకి పట్టుకెళ్ళలేదు. అక్కడి కుర్రాడి ముత్తాత కూడా మనవైపు నుంచి వచ్చినవాడే. లాప్‌టాప్‌ని గాజు కౌంటర్ మీద పెట్టి చూసి, "మావయ్యా, వంకర బల్లది కాదు, దీనిదే," అంటూ అడుగు మూత విప్పాడు. బ్యాటరీ ఉబ్బి తలగడలా ఉంది. కరెంటు వచ్చినప్పుడల్లా చార్జింగ్ పెట్టి, అదే సమయంలో బరువైన పనులు చేయించేవాణ్ణి. అలాంటి వేడిలో, నిండు చార్జిలో ఎక్కువకాలం ఉంటే లిథియం బ్యాటరీలో వాయువు పుడుతుంది. పొర చిరిగితే మంటలు రేగొచ్చు. దాని మీద వేళ్ళు పెట్టి నేను రోజూ నొక్కుతున్నాను.

ఫ్యాను విప్పి చూపించాడు. వేడిని బయటికి పంపే సన్నటి లోహపు రెక్కలకి అడ్డంగా బూడిదరంగు పొర గడ్డకట్టి ఉంది. పట్టకారతో లాగితే చిరగకుండా ఒక్క ముక్కగా ఊడొచ్చింది. అందులో ఎర్ర దారపు పోగులు, నీలి పోగులు. మా ఫ్యాక్టరీలో కటింగ్ బల్లల కింద పేరుకునే నూగే అది. ప్రాసెసర్ మీద ఉండాల్సిన పేస్టు ఎండి పొడిపొడిగా రాలింది. శుభ్రం చేసి, కొత్త పేస్టు రాసి, బ్యాటరీ మార్చాక, అదే పని పెడితే వేడి 70 డిగ్రీలు దాటలేదు. విండోస్‌ని ముట్టుకోవాల్సిన అవసరమే లేదు.

డిస్కు బయటికి తీసి వేరే మిషనుకి తగిలించి వెతికాడు. తెగిపోయిన ముక్కలు కొన్ని వచ్చాయి. వాటిలో పేర్ల వరస లేదు.

మామ్మగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి, పోగొట్టానని ఉన్నమాట చెప్పాను. "అప్పుడే రాసుకోలేదా నాయనా?" అన్నారు. మళ్ళీ మొదలుపెట్టారు గానీ మధ్యలో వరస తెగింది. కొన్ని పేర్లకి ఊళ్ళు మారిపోయాయి, కొన్నిటికి ఇంటిపేరే మిగిలింది. అలసిపోయి ఇక చాలన్నారు. మొదటిసారి అంత ధారగా చెప్పిన మనిషి.

ఇప్పుడు ఏ ఇంట్లో ఏం రికార్డు చేసినా ఆ రాత్రే ఒక కాపీ పెన్‌డ్రైవ్‌కి, ఇంకోటి శ్రీకాకుళంలో ఉన్న మా చెల్లెలికి వెళ్తుంది. రెండూ తెరిచి విన్నాకే ఫోన్‌లోది తీసేస్తాను. మామ్మగారు రెండోసారి చెప్పిన పేర్లని నోటుపుస్తకంలో చేత్తో రాసి, ఫొటో తీసి చెల్లెలికి పంపాను. అది టెక్కలి, సోంపేట వైపు తెలిసినవాళ్ళని పట్టుకుని, ఏ ఇంటిపేరు ఏ ఊళ్ళో ఉందో అడుగుతోంది. కొన్ని కుదిరాయి. ఊరు తెలియని పేర్లు ఇంకా చాలా ఉన్నాయి.