తప్పంతా తల్లిదే, రాసుకోండి

టీకా తప్పిన బిడ్డ ఇంటికి తనిఖీకి వెళ్లే వాళ్ల చేతిలో ఒక ఫారం ఉంటుంది. సూది ఎందుకు పడలేదో అందులో నింపాలి. కారణాలు ముందే అచ్చేసి ఉంటాయి కనుక బుర్రకు శ్రమ లేదు: అవగాహన లేకపోవడం, టీకా వేశాక ఏమవుతుందోనన్న భయం, బిడ్డ ఊళ్లో లేకపోవడం, వద్దనడం, నిర్వహణ లోపం. మొదటి నాలుగూ తల్లి ఖాతాలో పడతాయి. ఐదోది డిపార్ట్‌మెంటు ఖాతాలో పడుతుంది. టిక్కులు ఏ వైపు ఎక్కువుంటాయో చెప్పడానికి పంచాంగం చూడక్కర్లేదు.

అవగాహన లేదనడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. టీకాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య కాపాడాలి, అవగాహనకు ఆ బాధ లేదు. కరెంటు పోయినా అది పాడవదు. దాన్ని కొండ మీది గూడేనికి మోసుకెళ్లడానికి జీపు అడగదు, ఖాళీగా ఉన్న ఏఎన్ఎం పోస్టును నింపమని పట్టుబట్టదు. ఒక ఫ్లెక్సీ కట్టిస్తే చాలు. అందులో నవ్వే బిడ్డ కన్నా నవ్వే నాయకుడు పెద్దగా ఉంటాడనుకోండి, అది వేరే సంగతి.

సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. మిషన్ ఇంద్రధనుష్ 2014 డిసెంబరులో వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో దేశంలో టీకాలన్నీ పడిన పిల్లలు 62 శాతం, 2019-21 నాటికి 76 శాతం. ఈ పెరిగిన పద్నాలుగు శాతం మిషన్ ఘనత. మిగిలిపోయిన ఇరవై నాలుగు శాతం తల్లుల అజ్ఞానం. లెక్కలు ఇంత న్యాయంగా పంచుకున్న కుటుంబం ఇంకోటి లేదు.

ఊరి ఆశా కార్యకర్తను, అదే మన ఆశమ్మను, అడిగితే వేరే జాబితా చెబుతుంది. అందుకే అడగరు. రివ్యూ మీటింగులో ఆమెకు వేసే ప్రశ్న ఒకటే: "ఏమ్మా, నీ ఊళ్లో ఇంతమంది డ్యూ ఎందుకున్నారు?" అది ప్రశ్నలాగే ఉంటుంది కానీ జవాబు కోసం అడిగింది కాదు.

జవాబు వినే ఓపిక ఉంటే, మొదట పుట్టింటి సంగతి చెప్పేది. మన దగ్గర తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోతుంది. మూడో నెలో ఐదో నెలో వచ్చాక గానీ అత్తింటికి రాదు. ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు పడాల్సిన సూదులన్నీ సరిగ్గా ఆ పుట్టింటి రోజుల్లోనే వస్తాయి. అత్తింటి ఊరి రిజిస్టర్లో పేరుంటుంది, పిల్ల ఉండదు. పుట్టింటి ఊళ్లో పిల్ల ఉంటుంది, పేరుండదు. ఇక్కడి ఆశ అక్కడి ఆశకు సొంత ఫోన్లో, సొంత రీచార్జితో ఫోన్ చేసి "మా కోడలు మీ దగ్గరుంది, జర చూడక్కా" అని బతిమాలితే సూది పడుతుంది. ఈ ఫోన్ కాల్‌కు ఏ పోర్టల్లోనూ గడి లేదు. తెలుగునాట కాన్పుకు పుట్టింటికి పోతారన్న విషయం మీద పై వాళ్లకు ఎవరైనా అవగాహన సదస్సు పెడితే బాగుండును, భోజనాల ఖర్చు నేనిస్తాను.

రెండోది సీసా. తొమ్మిది నెలలకు వేసే మీజిల్స్-రుబెల్లా టీకా పొడిగా వస్తుంది. ద్రవం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాలన్నది నిబంధనే. కానీ ఐదు డోసుల సీసాలో నాలుగు పారబోస్తే "వేస్టేజీ ఎందుకైంది" అని అడిగేవాళ్లుంటారు. బిడ్డను వెనక్కి పంపితే అడిగేవాళ్లుండరు. కాబట్టి కూలి మానుకుని, చంకలో బిడ్డతో మూడు కిలోమీటర్లు నడిచొచ్చిన తల్లికి "ఇంకో నలుగురు జమైనాక రా" అనే మాట వినిపిస్తుంది. ఆమె మళ్లీ రాకపోతే ఫారంలో ఏం రాస్తారో మీకిప్పటికే తెలుసు.

ఊరి బయట ఇటుక బట్టీ ఉంటుంది. ఒడిశా బలంగీర్ నుంచి వచ్చిన కుటుంబాలు చలికాలం నుంచి ఎండాకాలం దాకా అక్కడే ఉంటాయి. వాళ్ల పిల్లలు ఈ ఊరి లెక్కలో లేరు, ఆ ఊళ్లో ఉండరు. కార్డు ఉంటే ఒడియాలో ఉంటుంది, గోడ మీద పోస్టర్ తెలుగులో ఉంటుంది. ఆ తల్లి దాన్ని చదివి చైతన్యవంతురాలు కావాలని మన కోరిక.

ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్. బిడ్డ వివరాలు ఎక్కించాలి, ఆభా అనే ఆరోగ్య నంబరు తీయాలి, దానికి ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఫోన్ భర్త జేబులో ఉంటుంది, భర్త లారీ మీద ఉంటాడు, లారీ నాగ్‌పూర్ దాటి ఉంటుంది.

ఇక భయం సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి.

ఆశమ్మ గడప తొక్కగానే అత్తగారు అందుకుంటుంది: "పోయినసారి సూదేస్తే పోరడు రాత్రంతా కాగిండు, ఏడ్చిండు. తెల్లారి నా కోడలు మిరపకాయ ఏరవోలే. ఆ కూలి నువ్విస్తవా?" సర్కారు పెంటావాలెంట్ సూదికి జ్వరం రావడం మామూలే. అందులోని కోరింతదగ్గు మందు పాత పద్ధతిది, జ్వరం తెప్పిస్తుంది, రక్షణ కూడా ఎక్కువ కాలం ఇస్తుంది. ఈ అత్తగారిని ఫారంలో "అవగాహన లేదు" అని రాస్తారు.

ఇప్పుడు హైదరాబాద్ కొండాపూర్‌కు రండి. ఏసీ క్లినిక్కులో ఒక తల్లి డాక్టర్ని అడుగుతుంది: "నొప్పి లేని వ్యాక్సినే కదండీ? ఫీవర్ రాదు కదా? రేపు నాకు ఆఫీసుంది." వేలల్లో బిల్లు కడుతుంది. ఆ నొప్పి లేని మందు ఇచ్చే రక్షణ కాస్త తొందరగా తగ్గుతుందని ఆమెకు ఎవరూ చెప్పరు, ఆమె అడగదు. భయం అదే, జ్వరం అదే, మర్నాటి పని పోతుందన్న దిగులూ అదే. మొదటావిడది మూఢనమ్మకం, రెండో ఆవిడది పేరెంటింగ్. అజ్ఞానానికి మందు డబ్బేనని వైద్యశాస్త్రం ఒప్పుకోదు గానీ, మన ఫారాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి.

పైగా ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసివాళ్లకు జ్వరానికి పారాసిటమాల్ బదులు ట్రమడాల్ గోలీలు చేతికిచ్చారు. ఇద్దరు పసికందులు పోయారు. తప్పు సూదిది కాదు, గోలీది. గోలీ ఇచ్చిన వ్యవస్థది. అయినా ఆ తర్వాత ఏ బస్తీలో తల్లి తలుపేసుకున్నా "సూది మంచిదే అమ్మా" అని నచ్చజెప్పాల్సింది ఆశే కదా. ఆ తల్లికి అవగాహన లేక కాదు, పేపరు చదివి తలుపేసుకుంది.

ఇంత చేసే మనిషి ఉద్యోగి కాదని మరవకండి. 2005లో ఆశ పథకం పెట్టినప్పుడే స్వచ్ఛంద సేవకురాలన్నారు. కేంద్రం పెట్టిన రేటు ప్రకారం ఒక బిడ్డకు ఏడాదిలోపు టీకాలన్నీ పూర్తయితే వంద రూపాయలు, రెండో ఏటివి కూడా అయితే మరో 75. ఆటో ఛార్జీలు ఆమె సేవాభావంలోంచి తీసుకోవాలి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశలందరికీ ఉమ్మడిగా పురస్కారం ఇచ్చింది. మరుసటి ఏడే తెలంగాణలో ఆశలు జీతం కావాలని రోడ్డెక్కారు. పురస్కారం చూపిస్తే కిరాణా కొట్లో ఉద్దెర పుడుతుందేమో వాళ్లు ప్రయత్నించినట్టు లేదు.

ఇవన్నీ ఆమె చెప్పేలోపే రివ్యూ మీటింగు ముగుస్తుంది. తీర్మానం ఏకగ్రీవం: ప్రజల్లో చైతన్యం తేవాలి, ర్యాలీ తీయాలి. బ్యానర్ ఆశలు పట్టుకోవాలి, నినాదాలు ఏఎన్ఎంలు ఇవ్వాలి, జనాన్ని అంగన్‌వాడీ టీచర్లు తేవాలి. ఫోటోలు సాయంత్రం అయిదింటిలోగా గ్రూపులో పెట్టాలి. పెద్దసారుకు వీలయ్యే రోజు శనివారం. శనివారం అంగన్‌వాడీలో టీకాలు వేసే రోజని వెనక వరస నుంచి ఒకావిడ లేవబోతుంది గానీ, అప్పటికే టీలొచ్చేస్తాయి.

శనివారం పొద్దున బిడ్డనెత్తుకుని వచ్చిన తల్లికి ఆయమ్మ ఒక్కతే కనిపిస్తుంది. "అందరు ర్యాలీకి పోయిండ్రు బిడ్డా. టీకాలు ఎయ్యించుమని జనానికి చెప్పనీకి. నువ్వు వచ్చే బుధవారం రాపో."