మంచం పట్టిన మనసుకే బీమా

మనసుకు బీమా ఇవ్వడంలో మన దేశం వెనకబడిందని ఎవరైనా అంటే నమ్మకండి. కాగితం మీద మనం ఎప్పుడో గమ్యం చేరాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. శరీరానికొచ్చే జబ్బులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక వ్యాధులకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని అందులోని 21వ సెక్షన్ చెబుతోంది. హైదరాబాద్‌లో కొలువున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, ఆ ఏడాది ఆగస్టులోనే చట్టాన్ని పాటించమని కంపెనీలకు సర్క్యులర్ పంపింది. 2022 అక్టోబరులో మళ్లీ పంపింది. ప్రీమియం గడువు ఒక్కరోజు దాటితే ఫోన్ మీద ఫోన్ చేసే కంపెనీలకు ఇంత మతిమరుపు ఎలా వచ్చిందో పరీక్ష చేయించాల్సిందే.

ఆ రెండు సర్క్యులర్ల మధ్య, 2021లో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన వివాదాలు చూడండి. ఒక దాంట్లో మానసిక వ్యాధి పాలసీలోనే లేదని కంపెనీ చేతులు దులుపుకుంటే, చట్టం అమల్లోకి వచ్చాక ఆ సాకు చెల్లదని కోర్టు డబ్బు కట్టించింది. మరో దాంట్లో పాలసీ 35 లక్షలది. మనసుకు జబ్బు చేస్తే మాత్రం పరిమితి 50 వేలు. మనిషిలో మనసు వాటా డెబ్బయ్యో వంతని ఏ వైద్యగ్రంథంలో చదివారో గానీ, లెక్క మాత్రం కచ్చితంగా వేశారు.

ఇప్పుడు అంత మొరటుగా రాయడం తగ్గింది. మానసిక వ్యాధులకూ కవరేజి ఉందని చక్కగా అచ్చు వేస్తున్నారు. కాకపోతే మామూలు పాలసీలో 24 గంటలు ఆస్పత్రిలో చేరితేనే క్లెయిమ్. డిప్రెషన్‌తోనో ఆందోళనతోనో బాధపడేవారిలో చాలామందికి అడ్మిషన్ అక్కర్లేదు. వాళ్లకు కావలసింది నెలల తరబడి మందులు, కౌన్సెలింగ్, డాక్టర్ దగ్గరికి రాకపోకలు. అదంతా ఓపీ, అంటే జేబు ఖర్చు. ‘జ్వరానికీ ఓపీ ఇవ్వడం లేదు కదా, ఇదే సమానత్వం’ అంటారు కంపెనీల వాళ్లు. వాదనలో పస లేకపోలేదు. కానీ గుండెకు, కిడ్నీకి పెద్ద ఖర్చు ఆస్పత్రి లోపలే అవుతుంది. మనసుకు అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం బయటే అవుతుంది. పైగా ఆ 24 గంటల నిబంధన శిలాశాసనమేమీ కాదు. శుక్లాల ఆపరేషన్‌కు, డయాలసిస్‌కు, కీమోథెరపీకి ఎప్పుడో సడలించారు. వైద్యం తీరు మారితే పాలసీ మారగలదని వాళ్లే నిరూపించారన్నమాట. అదనపు ప్రీమియం కడితే ఓపీ రైడర్ అమ్ముతారు లెండి. హక్కును విడిగా కొనుక్కునే సౌకర్యం అది.

ఇక రెండో అభ్యంతరం: స్కాన్‌లో కనిపించని జబ్బును ఎలా నమ్మాలి? మైగ్రేన్‌నూ ఏ రక్తపరీక్షా పట్టివ్వదు, డాక్టర్ చెబితే ఒప్పుకుంటున్నారు. దొంగ క్లెయిముల భయమంటారా, దొంగ బిల్లులు మోకాళ్లకూ పుడుతున్నాయి, అందుకని మోకాళ్లను ఎవరూ మినహాయించలేదు. అందరూ ఎగబడితే ప్రీమియం పెరుగుతుందన్న బెంగే కాస్త ఆలోచించదగ్గది. అయితే మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఎగబడే మాట దేవుడెరుగు, గడప తొక్కేవాళ్లే లేరు. కొందరు కొత్తగా వస్తారు, కొంత ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ మొదటి నెలలో కన్సల్టేషన్ ఫీజు ఇవ్వని కంపెనీ, ముదిరాక వారాల తరబడి అడ్మిషన్ బిల్లు కట్టడమే లాభమనుకుంటే ఆ లెక్కను వాళ్ల యాక్చువరీలే బయటపెట్టాలి. ఐఆర్‌డీఏఐ మరో సర్క్యులర్ రాసేటట్టయితే, ‘సమానం’ అన్న మాటను మళ్లీ రాయనక్కర్లేదు. ఏడాదికి ఇన్ని సైకియాట్రిస్టు సంప్రదింపులు, ఇన్ని కౌన్సెలింగ్‌లు మూల పాలసీలోనే ఉండాలని అంకె వేసి రాస్తే చాలు. అంకెలను కంపెనీలు మర్చిపోవు.