పూత లెక్క తెలియని కెమెరాలు

మార్చిలోనో ఏప్రిల్లోనో అరకు కొండల మీద ఒక వాన పడుతుంది. పెద్ద వానేం కాదు, ఒక్కోసారి గంట కూడా ఉండదు. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న కాఫీ మొగ్గలో ఆ తడికే చలనం వస్తుంది. అక్కణ్ణించి ఎనిమిది, పది రోజులకి తోట తోటంతా ఒకేసారి విచ్చుకుంటుంది. సిల్వర్ ఓక్ నీడలో కొమ్మ పొడుగునా తెల్లటి గుత్తులు, మల్లెలాంటి వాసన. రెండు మూడు రోజులే ఆ వైభవం. తరవాత పువ్వు గోధుమరంగుకి తిరిగి వాడిపోతుంది.

మా రోజుల్లో వసంతంలో కొండల ఫోటో తియ్యాలంటే ముందు ఈ లెక్క తెలియాలి. విశాఖలో ఉన్నవాడికి అనంతగిరిలో వాన పడిందని ఎవరు చెప్తారు? బస్సు కండక్టరో, సంతకొచ్చిన గిరిజన రైతో చెప్పాలి. చెప్పించుకునేంత పరిచయం ఉండాలి. ఆ కబురు అందిన రోజునుంచి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కేవాళ్ళం. ఆ లైనులో 58 సొరంగాలు. సొరంగం దాటినప్పుడల్లా కొండల వరస మారేది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున్న సిమిలిగూడ చేరేలోపు ఏ వాలు మీద ఎండ ఎప్పుడు పడుతుందో కిటికీలోంచే చూసి గుర్తు పెట్టుకునేవాళ్ళం. 2017లో ఆ రైలుకి అద్దాల పెట్టె తగిలించారు. చాలా మంచి పని. కానీ అందులో కూర్చుని కొండకి వీపు తిప్పి తమ మొహాలే తీసుకుంటున్న పిల్లల్ని చూస్తే నాకు కడుపు మండుతుంది.

ఇప్పుడు వచ్చేవాళ్ళకి ఏ శనివారమైనా ఒకటే. పూత ఉంటే సరే, లేకపోతే కంప్యూటర్లో రంగు పెంచుకుంటారు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది పొగ విషయం. వసంతంలో తూర్పు కనుమలు శుభ్రంగా కనబడవు. అది పోడు కాల్చే కాలం. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులకి నిప్పు పెట్టే కాలం కూడా. లోయంతా బూడిదరంగు తెర దిగుతుంది. మేం నలుపు తెలుపు రీలు వాడినప్పుడు ఎర్ర ఫిల్టరు పెడితే దూరపు నీలిపొర కొంత తగ్గేది. పొగకి మాత్రం ఏ ఫిల్టరూ సరిపోయేది కాదు. అందుకని దానితోనే పనిచెయ్యడం నేర్చుకున్నాం. సూర్యుడికి ఎదురుగా నిలబడితే దగ్గరి కొండ నల్లగా, దాని వెనకది బూడిదగా, ఆ వెనకది ఇంకా పలచగా, వరస మీద వరస లెక్కపెట్టుకోవచ్చు. ఈ కొండలెంత లోతుగా ఉన్నాయో చూపించేది ఆ పొగే. ఇప్పుడు డీహేజ్ అని ఒక మీట జరిపి తెర తీసేస్తున్నారు. తీశాక మిగిలేది ఏ దేశపు కొండో, ఏ నెలో ఎవరికీ తెలియదు. చైత్రమాసాన్ని తుడిచేసి చైత్రంలో తీసిన ఫోటో అంటే ఎలా?

ఆకాశం సంగతి సరేసరి. 2020లో ఫోటోషాప్‌లో ఆకాశాన్నే మార్చేసే పనిముట్టు వచ్చింది. గాలికొండ మీద ఎర్రటి ఎండలో తీసిన బొమ్మకి శ్రావణమాసపు మబ్బులు అతికించి పోటీలకి పంపుతున్నారు. ఆ మబ్బుకి, కింద నేల మీద పడ్డ నీడకి పొంతన ఉండదు. బహుమతులూ వస్తున్నాయి.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్‌లో యోసెమిటీ కొండలెక్కినప్పుడు వెంట ఉన్నవి 12 గాజు ప్లేట్లు. హాఫ్ డోమ్ ఎదుట చేరేసరికి మిగిలినవి రెండు. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు. తన మనసులో ఉన్న నల్లటి ఆకాశం దానిలో రాదని వెంటనే తెలిసింది. ఆఖరి ప్లేటుకి ముదురు ఎర్ర ఫిల్టరు పెట్టాడు. ఆయనా ఆకాశాన్ని మార్చాడు కదా అని కుర్రాళ్ళు నాతో వాదిస్తారు. మార్చాడు, నిజమే. ఆ కొండ ముందు నిలబడి, ఆ వేళ ఉన్న వెలుగుతోనే మార్చాడు. ఉన్న ఒక్క ప్లేటుని ఎలా వాడాలో అక్కడే తేల్చుకున్నాడు. ఊటీలో తయారైన ఇందు రీలు, తూర్పు జర్మనీ ఓర్వో రీలు పెట్టుకుని కొండెక్కిన మా తరానికి ఆ తేల్చుకోవడమే చదువు. 36 బొమ్మలు అయిపోతే ఇంటికే.

నేటి కెమెరాలు గొప్పవి. రీలు కొనే డబ్బు లేక ఈ విద్య వదిలేసిన వాళ్ళు మా కాలంలో చాలామంది. ఇవాళ గూడెంలో పిల్లవాడు కూడా ఫోనుతో తన కొండని తాను తీసుకోగలుగుతున్నాడు. అది చూస్తే నాకు సంతోషం.

కాఫీతోటల్లో జరుగుతున్నదే సహించలేను. పూత విరిసిన చోటు ఫలానా అని ఒకరు ఫోనులో గుర్తు పెడితే మర్నాటికి యాభై బళ్ళు. గుత్తులున్న కొమ్మని విరిచి, మొహం పక్కన పెట్టుకుని ఫోటో. ఆ తెల్లపువ్వు కాఫీపండు అవ్వాలి. ఇవాళ విరిచిన కొమ్మ మీద డిసెంబరులో ఆ రైతు కోసుకోవడానికి ఏమీ ఉండదు. తోటలోకి అడుగుపెట్టేముందు తోటమనిషిని అడగండి. ఎప్పుడు వాన పడిందో, పూత ఇంకా ఎన్నాళ్ళుంటుందో కూడా ఆయన్నే అడగండి. చెప్తాడు.