పామర్రులో నా రెండో బతుకు

నేను పుట్టింది టీవీ చూపించడానికి కాదు. హైదరాబాదులో ఒక ఆఫీసు జీతాల లెక్కలకూ బిల్లులకూ నన్ను కొనుక్కుంది. డెస్క్‌టాప్‌నే గానీ టేబుల్ మీద అడ్డంగా పడుకునే పొట్టి పెట్టెను. లోపల 4 జీబీ ర్యామ్, ఇంటెల్ ఆరో తరం కోర్ ఐ3 ప్రాసెసరు. 2015లో వచ్చిన ఆ తరానికి ఒక విద్య తెలుసు. హెచ్‌ఈవీసీ పద్ధతిలో బాగా కుదించిన వీడియోని కూడా గ్రాఫిక్స్ భాగమే విప్పేస్తుంది, ప్రాసెసరు మీద బరువు పడనివ్వదు. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ నా విద్యతో ఎవరికీ పని పడలేదు.

ఆఫీసులు కంప్యూటర్లను అయిదారేళ్లకోసారి మార్చేస్తుంటాయి. అవి పాడైపోయి కాదు, వారంటీ అయిపోయి. నన్నూ నా తోటివాళ్లనీ లాటుగా అమ్మేశారు. సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఒక కొట్టు మూలకు చేరాం. అక్కడికి గుడ్లవల్లేరులో డిప్లొమా చదివే ఒక కుర్రాడు వచ్చాడు. పైన గీతలున్నాయా, రంగు పోయిందా అని చూడలేదు. మూత తీయించి మూడే సంగతులు చూశాడు. ప్రాసెసరు ఏ తరం, పొట్టి కార్డు పట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉందా, ఫ్యాను ఎంత మోత పెడుతుంది. “టీవీ పక్కన పెట్టాలండీ. మాటలు వినపడాలి గానీ దీని గోల వినపడకూడదు” అన్నాడు కొట్టాయనతో. ఎనిమిది వేల లోపు బేరం కుదిరింది. రాత్రి బస్సులో, అతని కాళ్ల దగ్గర, పాత దుప్పటిలో చుట్టుకుని పామర్రు చేరాను.

విజయవాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు, గుడివాడ రోడ్డు, కూచిపూడి మీదుగా చల్లపల్లి వెళ్లే రోడ్డు కలిసే ఊరు పామర్రు. ఆ ఇంట్లో రిటైరైన మాస్టారు తాతయ్య, గేదెల్ని చూసుకునే మామ్మ, ఈ మనవడు, కూచిపూడి వెళ్లి నాట్యం నేర్చుకునే మనవరాలు ఉంటారు. టీవీ అప్పటికే ఉంది. చిక్కల్లా అది రమ్మన్న వేళకి వీళ్లు వచ్చి కూర్చోవాలి. “నేను పాలు పితికి వచ్చేసరికి అంతా అయిపోతుందిరా” అనేది మామ్మ. నాట్లప్పుడు తాతయ్య చేలో ఉంటాడు, సాయంత్రం వార్తలు పోతాయి. దూరదర్శన్లో నాట్య కార్యక్రమం వచ్చే వేళకి మనవరాలు క్లాసులో ఉంటుంది. పగలంతా కష్టపడే మనుషులకి తమకిష్టమైనది తీరికైనప్పుడు చూసుకునే వీలుండాలి. ఆ వీలు కల్పించడానికే నన్ను తెచ్చారు.

మనవడు ముందు నా ఒళ్లంతా బ్రషుతో దులిపాడు. ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాశాడు. దాంతో వేడి తగ్గింది, ఫ్యాను నెమ్మదించింది. ఇంకో 4 జీబీ ర్యామ్, సాఫ్ట్‌వేరు కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, రికార్డింగులకి పాతదే ఒక టీబీ హార్డ్ డిస్కు అమర్చాడు. నాకు హెచ్‌డీఎంఐ లేదు, ఉన్నది డిస్‌ప్లేపోర్టు. దాన్ని హెచ్‌డీఎంఐకి మార్చే కేబులు కొన్నాడు. అసలు ప్రాణం మాత్రం డీవీబీ-ఎస్2 ట్యూనరు కార్డు. ఉపగ్రహం నుంచి వచ్చేదాన్ని నాకు అర్థమయ్యేలా చేసేది అదే.

సాఫ్ట్‌వేరుకి పైసా ఖర్చు కాలేదు. లిబ్రెఎలెక్ అనే లైనక్స్, దాని మీద బొమ్మ చూపించే కోడీ, వెనకాల చానెళ్లు పట్టి రికార్డు చేసే టీవీహెడ్‌ఎండ్. కోడీ 2002 ప్రాంతంలో ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టెలో సినిమాలు ఆడించుకోవాలన్న కొందరి సరదాతో మొదలైంది. 2014లో ఈ పేరు పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ తన మీడియా సెంటర్‌ని విండోస్ 10తో వదిలేసింది. ఎవరి లాభానికీ కట్టుబడని కోడీని మాత్రం ఇష్టపడ్డవాళ్లు ఇంకా మెరుగుపెడుతూనే ఉన్నారు. బయాస్‌లో కుర్రాడు మార్చిన ఒక సెట్టింగు నాకు బాగా నచ్చింది. కరెంటు పోయి వస్తే నా అంతట నేనే లేవాలి. పామర్రులో అది చాలా అవసరం.

తర్వాత డిష్షు. 2004 డిసెంబరు 16న డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 33 చానెళ్లతో మొదలైన దూరదర్శన్ సేవే ఇప్పటి డీడీ ఫ్రీ డిష్. నెలవారీ చందా లేదు. అది వచ్చే జీశాట్-15 భూమధ్యరేఖ పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంది. పామర్రు డాబా మీంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, నేలకి సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే ఇంచుమించు బందరు దిక్కు. డిష్షు మాత్రం అంతగా ఆకాశం వైపు వాలినట్టు కనపడదు. ఆఫ్‌సెట్ డిష్షు కనుక దాని చూపు ముఖం కంటే పాతిక డిగ్రీల దాకా పైకి పోతుంది.

మనవడు డాబా మీద నట్లు వదులు చేసి పట్టుకున్నాడు. తాతయ్య కింద నా ఎదురుగా కుర్చీ వేసుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఏమన్నా కదిలిందా తాతయ్యా?”

“లేదురా. కాస్త బందరు వైపు తిప్పు.”

“ఇప్పుడు?”

“ఆఁ, గీత లేచింది! ఆగు, ఆగు, పడిపోయింది. వెనక్కి, వెంట్రుకవాసి.”

సిగ్నలు గీత పచ్చగా నిలబడగానే తాతయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఉపగ్రహం నుంచి వచ్చే 11 గిగాహెర్ట్జ్ తరంగాన్ని డిష్షు ముందుండే ఎల్‌ఎన్‌బీ, కేబులు మోయగలిగేంత కిందికి దించుతుంది. సింబల్ రేటు 29500 అని చెబితే ఒక్కో ట్రాన్స్‌పాండరులో మూటకట్టి ఉన్న చానెళ్లన్నీ నేను విడదీస్తాను. ఇక్కడే నాకున్న పెద్ద లాభం. ఒకే ట్రాన్స్‌పాండరులో ఉన్న చానెళ్లయితే రెండుమూడింటిని ఒక్క ట్యూనరుతోనే ఒకేసారి రికార్డు చేస్తాను. మామూలు నాణ్యత చానెల్ గంటకి ఒకటి, ఒకటిన్నర జీబీ తీసుకుంటుంది. ఆ లెక్కన ఒక టీబీ డిస్కులో వందల గంటలు పడతాయి.

ఇప్పుడు మామ్మ గేదె దగ్గరికి వెళ్లే ముందు రిమోటు మీద ఒక్క బొత్తం నొక్కుతుంది, బొమ్మ ఆగుతుంది. పాలు పితికి, కేంద్రంలో పోసి, కాళ్లు కడుక్కుని వచ్చి మళ్లీ నొక్కుతుంది. ఆవిడ వదిలిన చోటి నుంచి నేను చూపిస్తాను. రికార్డింగు ముందు అయిదు నిమిషాలు, వెనక పది నిమిషాలు ఎక్కువ పెట్టాడు మనవడు. పట్టికలో వేసిన వేళకే మొదలవుతుందన్న భరోసా ఉండదు మరి.

నా పనితనానికి అసలు పరీక్ష మనవరాలు పెట్టింది. పాత నాట్య కార్యక్రమం ఒకటి వేశారు. కళాకారిణి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడుతోంది. “ఏరా అన్నయ్యా, ఆ పాదాలు చూడు, దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. అడుగు ఎక్కడ పడిందో తెలీడం లేదు” అంది. నిజమే. ఆ బొమ్మ సెకనుకి 50 సగాలుగా వస్తుంది, ఒక సగంలో బేసి గీతలు, ఇంకో సగంలో సరి గీతలు. రెంటినీ ఊరికే కలిపేస్తే నిలబడ్డ మనిషి బాగానే కనిపిస్తాడు, కదిలే పాదం చీలుతుంది. మనవడు డీఇంటర్లేసింగ్‌ని సెకనుకి పూర్తి 50 బొమ్మలు వచ్చేలా మార్చాడు. 60 హెర్ట్జ్‌లో ఉన్న టీవీని కూడా 50కి దించాడు. మళ్లీ వేశారు. పళ్లెం అంచు, దాన్ని పట్టుకున్న కాలి వేళ్లు, మడమ తిరిగిన తీరు అన్నీ విడివిడిగా కనిపించాయి. ఆ పిల్ల ఆపుతూ, వెనక్కి వెళుతూ అడుగులు లెక్కపెట్టుకుంది. కొత్త పెట్టెకి వేలకి వేలు పోసి ఉంటే ఆ పాదాలు ఇంతకన్నా బాగా కనిపించేవని నేననుకోను. తెలిసి సరిచేసేవాడు కావాలి, అంతే.

డిష్షు చూసే దిక్కు నుంచే ఇక్కడికి తుఫాన్లూ వస్తాయి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. నెల తిరక్కుండా నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచేసింది. పదివేల మందికి పైగా పోయారు. ఆనాడు ఈ ఊళ్లకి టీవీ అందేది కాదు. అందుకే తుఫాను వార్తంటే మామ్మ అన్నీ వదిలేసి వచ్చి కూర్చుంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నాకు దారి మూసుకుపోయింది. నాకొచ్చే తరంగం పొడవు మూడు సెంటీమీటర్ల లోపు. జడివానలో చినుకులు దాన్ని మింగేస్తాయి. కేబులువాళ్ల పెద్ద డిష్షులు అందుకునే సీ-బ్యాండ్ తరంగం దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు, వానకి అంతగా లొంగదు. నా బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోయింది. వెంటనే మనవడు నన్ను ఇంటర్నెట్ మీదికి మళ్లించాడు, దూరదర్శన్ వార్తలే యూట్యూబులో వచ్చాయి. తుఫాను ఎక్కడుందో, ఎటు కదులుతోందో మామ్మ చూడగలిగింది. ఆపైన కరెంటు పోయింది, ఇన్వర్టరు కాసేపు మోసింది, ఆ తర్వాత రేడియోనే దిక్కయింది. ఇంటికి రెండు దారులుండాలని ఆ రోజు నాకు బాగా తెలిసింది. ఒకటి ఆకాశం నుంచి, ఒకటి తీగ మీద. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో నెలకి 149 రూపాయలతో, కరెంటు స్తంభాల మీదుగా లాగిన తీగతో మొదలైనప్పటి నుంచీ పల్లెలో ఆ రెండో దారి సామాన్యుడికి అందేంత దగ్గరికొచ్చింది.

నాకు చేతకానివీ ఉన్నాయి. డబ్బు కట్టి చూసే చానెళ్లు తాళం వేసి వస్తాయి, వాటి తాళంచెవి వాళ్ల పెట్టెలోనే ఉంటుంది. అవి కావాలంటే ఆ పెట్టే పెట్టుకోవాలి. దొంగ సినిమాలకి నాలో చోటు లేదు. “సినిమావాళ్ల ఊళ్లలో ఉండి వాళ్ల కష్టాన్ని దోచుకుంటామా?” అన్నాడు తాతయ్య. ఆ మాట నిజం. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఈ మండలంలోదే. అక్కినేనిది రామాపురం, ఘంటసాలది చౌటపల్లి, రెండూ గుడివాడ పక్కనే. 1995లో ఈటీవీ పెట్టిన రామోజీరావుది పెదపారుపూడి. 1957లో వచ్చిన మాయాబజార్‌లో శశిరేఖ అభిమన్యుణ్ణి ప్రియదర్శిని పెట్టెలో చూసింది. ఆ సినిమాకి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు పెరిగింది బందరులో. దూరాన ఉన్న మనిషిని పెట్టెలో చూడాలన్న కోరిక ఇక్కడివాళ్లకి కొత్తది కాదు.

నా డిస్కులో అన్నిటికంటే విలువైనవి ఈ ఇంటివే. మనవరాలు తొలిసారి గజ్జె కట్టినప్పటి ఫోను వీడియో హెచ్‌ఈవీసీలోనే ఉంది. ఆఫీసులో అక్కరకు రాని నా విద్య ఇక్కడ పనికొచ్చింది. ఇంట్లో దాచుకున్నదే ఒక్కోసారి లోకానికి మిగులుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన మారియన్ స్టోక్స్ అనే లైబ్రేరియన్ 1970ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా ఇంట్లో టీవీ వార్తల్ని రికార్డు చేస్తూనే ఉంది. దాదాపు 70 వేల టేపులయ్యాయి. అవి ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ చేతికి చేరాయి. చానెళ్లు తమ దగ్గర దాచుకోని వార్తలు ఒక్క ఆవిడ పట్టుదల వల్ల నిలబడ్డాయి. బీబీసీ తన పాత కార్యక్రమాల టేపులెన్నో చెరిపేసింది. దాని డాక్టర్ హూ సీరియల్లో పోయిన భాగాల మాటలు ఈనాడు వినపడుతున్నాయంటే అభిమానులు ఇళ్లలో రికార్డు చేసుకోబట్టే.

మన దగ్గర ఇంకెంత పోయిందో! ఊరి తిరనాళ్లలో ఆడిన భాగవతం, మూలబడిన క్యాసెట్టులో తాత పాడిన పద్యం, పెద్ద కళాకారుల పాత ప్రదర్శనలు ఎవరో ఒకరి ఇంట్లో నిలిస్తేనే నిలుస్తాయి. ఆఫీసులు విసిరేసిన నాలాంటి పెట్టెలు బోలెడున్నాయి. ఒకటి తెచ్చి దుమ్ము దులపండి. రికార్డింగులు రెండో డిస్కులో కూడా దాచండి, ఒక్క డిస్కుని నమ్ముకోకండి. ఏ చానెలూ ఏ కంపెనీ కూడా మీ కోసం దాచనిది మీరే దాచుకోవాలి. దానికి పెద్ద డబ్బు అక్కర్లేదు, ఓపికున్న ఒక మనవడు చాలు.