అరువు రేపు

కాసరగోడ్‌లోని కేరళ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2019 నాటి సర్క్యులర్ చదివాక నా బెంగంతా తీరిపోయింది. పీహెచ్‌డీ అంశం కోసం పిల్లలిక బుర్రలు బద్దలు కొట్టుకోనక్కర్లేదు. జాతీయ ప్రాధాన్యాలకు తగిన ప్రాజెక్టులు అయ్యవార్లే తయారుచేసి 'షెల్ఫ్'లో సర్దుతారట. అందులోంచి ఏరుకోవాలట. పనికిమాలిన పరిశోధనలు వద్దట.

షెల్ఫ్ అన్నాక కొట్టు తెరిచినట్టే.

"బాబాయ్, కులం మీద ఏమన్నా ఉందా?"

"ఆ సరుకు రావట్లేదమ్మా. పథకాల విజయం తీసుకో, పొద్దున్నే దిగింది."

"విజయమో కాదో పరిశోధించాక కదా తెలిసేది?"

"ఫలితం ప్యాకెట్ మీదే అచ్చేశారు. నువ్వు విప్పే పనిలేదు."

"మరి చిల్లర?"

"లేదు. రెండు సెమినార్ సర్టిఫికెట్లు పట్టుకెళ్లు."

ఈ కొట్టు 1897లో సికింద్రాబాదులో ఉండుంటే? రొనాల్డ్ రాస్ వచ్చి దోమ పొట్ట కావాలనేవాడు. "ప్రాధాన్యాల చీటీలో దోమ పొట్ట లేదు దొరా! విసనకర్ర ఉంది, ఇమ్మంటారా?" రాస్ విసురుకుంటూ ఇంటికెళ్లేవాడు. దోమలు హాయిగా మలేరియా పంచుతూ ఉండేవి.

కొట్టు లేదు కాబట్టి బతికిపోయాం. బేగంపేటలో రాస్ హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, ఆగస్టు 20న ఒక దోమ పొట్ట కోసి చూస్తే మలేరియా క్రిమి దొరికింది. 1902లో నోబెల్ వచ్చింది. కుట్టిన దోమకు అణా చొప్పున హుసేన్ ఖాన్ చేతిలో పడింది కూడా.

మన కొట్లో ఆ మర్యాద కూడా లేదు. ఫెలోషిప్ అడిగితే బోర్డు చూపిస్తారు: 'అరువు రేపు'. 2015 నాటికి నెట్ అర్హత పరీక్ష పాసవని పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు విదిలించింది 8 వేలు. దాన్నీ అదే ఏడాది ఎత్తేయబోయారు. దోమకు అణా ముట్టిన ఈ హైదరాబాదులోనే, 2016 జనవరిలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయి లెక్క రాసి వెళ్లిపోయాడు: లక్షా 75 వేలు.

ఏలినవారూ, ఇవ్వాల్సింది ఇవ్వరు. ఏం అడగాలో మాత్రం మీరే రాసిస్తారు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నకు పరిశోధకుడెందుకు, గుమాస్తా చాలు. దేశం మీకు చెప్పిన ప్రాధాన్యమేమిటో నాకు తెలీదు గానీ, చచ్చిపోతూ కూడా ఒక కుర్రాడు బాకీ లెక్క చెప్పుకోవాల్సి వచ్చిన చోట, ముందు ఆ బోర్డు పీకెయ్యండి.