మా బాబాయి చిట్టా

ఆడపిల్ల పుట్టిందని ఫోను వస్తే ఎవరైనా బరువెంత, తల్లి ఎలా ఉంది అని అడుగుతారు. మా బాబాయి నక్షత్రం, పాదం అడుగుతాడు. అడిగి, కళ్లజోడు పంచె చెంగుతో తుడుచుకుని, పెట్టెలోంచి చిట్టా తీస్తాడు. ఇక ఆ పిల్లని దేవుడే కాపాడాలి.

పాత పేర్ల పిచ్చి ఉన్న పెద్దమనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. కాకపోతే మా బాబాయి దగ్గర సరుకు ఎక్కువ. కోనసీమలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తాగా ముప్పై ఏళ్లు పాత దస్తావేజులకి నకళ్లు రాశాడు. రాస్తూ రాస్తూ అందులోని ఆడవాళ్ల పేర్లన్నీ ఒక అట్ట పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. అచ్చియ్యమ్మ, పేరిందేవి, చెల్లాయమ్మ, సీతారావమ్మ, వీరరాఘవమ్మ. ‘వేలిముద్ర వేసిన మనిషేనమ్మా, అక్షరం ముక్క రాదు. పేరు చూడు, గాలిగోపురంలా లేదూ!’ అంటాడు. నాలుగెకరాలు అమ్ముకున్న దుఃఖం ఆ కాగితంలో ఉన్నా ఆయనకి పట్టదు, పేరే కనిపిస్తుంది.

ఆయనకి తీరని బాధ సూర్యకాంతం. కాకినాడ దగ్గర పుట్టిన ఆ మహానటి ఎడమచెయ్యి తిప్పి కోడళ్లని హడలగొట్టాక, బంగారంలాంటి పేరు పెట్టుకునే నాథుడే లేకుండా పోయాడు. 1962లో గుండమ్మ కథ వచ్చి గుండమ్మనీ పట్టుకుపోయిందని ఆయన లెక్క. ‘ఒక్క మనిషి రెండు పేర్లు మింగేసిందే!’ అంటాడు, కోపమో మెచ్చుకోలో తెలియకుండా.

చిట్టాలో ఒక పేజీ మాత్రం ఎవరికీ చదివి వినిపించడు. పెంటమ్మ, పుల్లమ్మ. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో, ఈ పిల్లనైనా మృత్యువు చూసి వద్దనుకోవాలని పెట్టిన పేర్లు. ‘ఆ తల్లి ఎంత భయపడిందో’ అని పేజీ తిప్పేస్తాడు. ఆయన మీద నాకు కోపం నిలవకపోవడానికి ఆ పేజీ ఒక కారణం.

కోపానికి కారణం నా పేరు. బారసాల నాడు పట్టుబట్టి నాకు మా నాయనమ్మ పేరు పెట్టించాడు. భ్రమరాంబ. శ్రీశైలంలో అమ్మవారికి బాగానే ఉంటుంది. బళ్లో హాజరు పిలిచే మాస్టారు మాత్రం నా పేరుకి ముందు ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకునేవారు. కాలేజీ హాస్టల్లో అది ‘భ్రమ’కి కుదించుకుపోయింది. ‘భ్రమ భోంచేసిందా?’ ‘భ్రమకి జ్వరం.’ మూడేళ్లు నేను అలాగే బతికాను.

ఇంట్లో కథ వేరు. అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు కదా, అందుకని మా అమ్మ నన్ను బుజ్జీ అనే పిలిచేది. మా నాయనమ్మ గుడికి వెళ్లిన పూట మాత్రం పెరటి తలుపు దగ్గరగా వేసి, ‘ఒసే భ్రమరాంబా! నీకు బుద్ధుందిటే? ఎన్నిసార్లు చెప్పాలే నీకు?’ అని కడుపు నిండా తిట్టేది. ఆ తిట్లలో నా వాటా ఎంతో, మా నాయనమ్మ వాటా ఎంతో నాకు పెళ్లై అత్తారింటికి వెళ్లాక గానీ తెలిసిరాలేదు.

ఈ కాలపు పేర్లంటే బాబాయికి ఒళ్లు మంట. ఆర్వి, శాన్వి, జాన్వి! జాహ్నవిలో గంగ ఉంది, జాన్విలో ఏముంది, గ్లాసుడు నీళ్లైనా లేవంటాడు. మా అపార్టుమెంటులో బాల్కనీలోంచి ‘వీ’ అని అరిస్తే అయిదుగురు తల ఎత్తుతారట. మరి మన ఊళ్లో సుబ్బలక్ష్ములో? పొడుగు సుబ్బలక్ష్మి, మేడింటి సుబ్బలక్ష్మి, నూతి పక్క సుబ్బలక్ష్మి అని విడదీసి పిలవలేదూ అంటే ఆయనకి వెంటనే చెవుడు వస్తుంది.

ఇంతకీ ఈ పెద్దమనిషి సొంత కూతురి పేరు ఏమిటనుకున్నారు? హిమబిందు. కోనసీమ ఎండల్లో హిమబిందు! నిలదీస్తే, ‘అడివి బాపిరాజుగారి నవల చదివావా? శాతవాహనుల కాలం కథ. అంతకంటే పాతకాలం నీకెక్కడ దొరుకుతుంది?’ అన్నాడు. మా పిన్ని వంటింట్లోంచి, ‘ఆ పేరు పెట్టింది నేను. తమరు ఆ వేళ అచ్చియ్యమ్మ అన్నారు’ అని కేకేసింది. చెవుడు మళ్లీ వచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, హైదరాబాదులో. స్వాతి, నాలుగో పాదం, ‘తా’ అక్షరం. బాబాయి ఫోనులోనే ఎగిరి గంతేశాడు. ‘తాయారు! వైష్ణవాలయంలో అమ్మవారు! ఇంకేం ఆలోచించకండి.’ మా అమ్మాయి అప్పటికే తన్వి అనుకుంది, ‘తా’ కోసం దీర్ఘం సాగదీసి తాన్వి చేసింది. ‘తన్వి అంటే సన్నటి పిల్ల. మూడున్నర కిలోల దానికి తన్వేమిటి? దీర్ఘం పెట్టాక ఆ ఉన్న అర్థమూ పోయె’ అన్నాడాయన. మా అల్లుడు నెమ్మదస్తుడు. ‘తాతగారూ, పాత పేరే కావాలంటే మధురవాణి అని పెడదామా? కన్యాశుల్కం 1892లోనే ఆడారు కదా’ అన్నాడు. అటువైపు కాఫీ పొలమారిన చప్పుడు వినబడింది. చాలాసేపు దగ్గి, ‘అక్షరం కలవదు బాబూ’ అన్నాడు.

బారసాల నాడు పంతులుగారు మిగతా నామాలన్నీ రాయించి, వ్యవహార నామం దగ్గర ఆగారు. అల్లుడు ఉంగరం పట్టుకుని బియ్యంలో ‘తా’ అని రాశాడు. పెళ్లాం వైపు చూశాడు. వీడియోలో బాబాయి వైపు చూశాడు. ఉంగరం కింద పెట్టేశాడు. ఆ పళ్లెం ఫొటో మా దగ్గర ఉంది. బోలెడు బియ్యం, ఒక ‘తా’.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పేరు వల్ల పడ్డ పాట్లన్నీ మా అమ్మాయికి చెప్పి, నీ ఇష్టం వచ్చింది పెట్టుకోవే అన్నదాన్ని నేనే. కానీ అర్ధరాత్రి పిల్ల ఏడిస్తే భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ ఒకసారి ‘తాయారూ’ అన్నాను, ఎవరూ లేరు కదా అని. ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. మర్నాడు మళ్లీ అన్నాను. ఇప్పుడు అలవాటైపోయింది. అమ్మాయి వచ్చే అలికిడి అయితే ‘బుజ్జీ’ అంటాను.

జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగానే ఉంది. 12 నెలల్లోపు అయితే రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుం కట్టుకుని 15 ఏళ్ల దాకా చేర్చొచ్చని కూడా బాబాయే చెప్పాడు. ఆఫీసు తెలివి ఎక్కడికి పోతుంది? ఆయనేమీ తొందరపడటం లేదు. వారానికోసారి ఫోను చేసి ‘తాయారు ఎలా ఉంది?’ అంటాడు. నేను ‘బాగానే ఉంది బాబాయ్’ అంటాను.

పిల్లకి అయిదో నెల నడుస్తోంది. మీ వైపు ‘తా’తో మొదలయ్యే మంచి పేరు ఏదైనా ఉంటే చెప్పండి. తాయారు కంటే బావుంటేనే సుమండీ.